వెనక కాళ్ళు లేని కుర్చీ

మా నాన్నని మా వీధిలో చెవి మేస్త్రి అంటారు. అసలు పేరు పోస్ట్‌మ్యాన్‌కి తప్ప ఇంకెవరికీ గుర్తున్నట్టు లేదు. కొయ్య కొనేటప్పుడు మిగతా మేస్త్రులు కళ్ళతో చూస్తారు, గోటితో గీకుతారు, వాసన చూస్తారు. ఈయన మాత్రం వేలు ముడిచి పలక మీద టకటకా నాలుగుసార్లు కొట్టి, తల పక్కకి వంచి వింటాడు. మంచి కొయ్య ఖంగుమంటుంది. లోపల దెబ్బతిన్న కొయ్య మొద్దుగా పలుకుతుంది. నలభై ఏళ్ళలో ఒక్క పలకనీ తప్పుగా ఎంచలేదు. ఆయన కొట్టి పక్కన పెట్టేసిన పలకని కలప అడితిలో ఉత్తినే ఇస్తామన్నా ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు.

అలాంటి మనిషికి రెండేళ్ళ కిందట చెవులు పోయాయి.

ఒక్కసారిగా పోలేదు. ముందు గోడ గడియారం వినపడటం మానేసింది. తర్వాత తలుపు గంట, ఆ తర్వాత పక్క గదిలో మాటలు. ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే తెలుస్తుంది. నా గొంతైతే ఎలాగూ తెలుస్తుంది. నేను గుసగుసలాడితే ఎదురింటివాళ్ళు కిటికీ మూసుకుంటారు. ఆయన ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మేమూ అడగలేదు. అమ్మ మా అందరినీ వంటింట్లో నిలబెట్టి ఒకటే మాట చెప్పింది. "ఆయనకి వినపడదన్న మాట ఈ ఇంట్లో ఎవరి నోటినుంచైనా వచ్చిందో, నేను చచ్చినంత ఒట్టు. ఆ చెవి తీసేస్తే ఆయన దగ్గర ఇంకేం మిగులుతుంది?"

నాకు నోరెక్కువ అంటారు. ఎక్కువే, కాదన్నదెవరు? పద్దెనిమిదో ఏట నుంచి ఆయన పక్కన రంపం పట్టుకున్నదాన్ని, ఇప్పుడు నలభై రెండు. సరిగ్గా చెక్కని ఉలి కనిపిస్తే తిడతా, సరిగ్గా చెక్కని మనిషి కనిపించినా తిడతా. ఇంత నోరున్నదాన్ని, అనాల్సిన ఆ ఒక్క మాట అనలేకపోయాను. అదే నా కడుపు మంట.

కుర్చీ ఆలోచన మా తమ్ముడిది. వాడు చిన్నప్పటినుంచీ గీతలు గీస్తాడు. నాన్న వాటిని చూసి, "వీడి సామాన్లన్నీ కాగితం మీద భలే నిలబడతాయి" అనేవాడు. వాడు మొహం మాడ్చుకుని కాగితం చుట్టుకుని పోయేవాడు. ఈసారి వాడి పెళ్ళానికి, అంటే మా మరదలికి, ఎనిమిదో నెల. నడుం నొప్పితో ఏ కుర్చీలోనూ పది నిమిషాలు కూర్చోలేకపోతోంది. కూర్చుంటే కొంచెం ఊగే కుర్చీ, వీపుని మెల్లగా పట్టుకునే కుర్చీ చేస్తానన్నాడు. వెనక కాళ్ళు లేకుండా.

కాగితం మీద పక్కనుంచి చూస్తే ఇలా ఉంది. నేలమీద ఒక పట్టీ వెనకనుంచి ముందుకొస్తుంది. ముందు గుండ్రంగా వంగి పైకి లేస్తుంది. మళ్ళీ వెనక్కి తిరిగి సీటవుతుంది. సీటు చివర వీపు ఆనుకునే పలక. అంతే. సీటు కింద వెనకవైపు అంతా ఖాళీ, గాలి తప్ప ఏమీ లేదు. కూర్చున్న మనిషి బరువంతా ఆ ముందు వంపు మీదే.

"నోరు తెరిచిన మొసలిలా ఉందిరా" అంది అమ్మ.

"అత్తయ్యా, నేను కూర్చోవాల్సింది అందులోనే" అని నవ్వింది మరదలు.

నాన్న నవ్వలేదు. కాగితాన్ని వెలుతుర్లోకి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు. ఆ వంపుని వేలితో రెండుసార్లు దిద్దాడు. చివరికి, "దీనికి కొయ్య నేను ఎంచుతాను" అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో మా తమ్ముడికి ఆయన నోటినుంచి దొరికిన మొదటి మెప్పు అది. వాడు కళ్ళలో పొట్టు పడిందని చెప్పి బయటికెళ్ళాడు. పొట్టూ లేదు, పాడూ లేదు.

అడితికి నన్ను తీసుకెళ్ళాడు. వెనకటికి ఒక్కడే వెళ్ళేవాడు. ఈ రెండేళ్ళుగా నేను లేకుండా వెళ్ళడం లేదు. బరువులెత్తడానికనుకున్నాను. వెళ్ళిన ప్రతిసారీ ఒకటే మాట. "ఎదురుగా నుంచో. వెలుతుర్లో. పక్కకి పోకు." నాకు పని నేర్పుతున్నాడనుకున్నాను. ఇరవై నాలుగేళ్ళ తర్వాత ఇంకేం నేర్పుతాడని ఒక్కసారైనా ఆలోచించని మొద్దుని నేను.

అడితి పెద్దాయన నా పక్కనే టీ గ్లాసుతో నిలబడ్డాడు. "కొత్త సరుకమ్మా. నిరుటి గాలివానకి పడ్డ చెట్లు. ఎంత నున్నగా ఉన్నాయో చూడు" అన్నాడు. గాలికి పడ్డ చెట్టు కొయ్య బయటికి పెళ్ళికూతురులా ఉంటుంది, లోపల నారలు అప్పటికే అడ్డంగా నలిగి ఉంటాయి, దాన్ని కుర్చీకి వాడకూడదని నాకు చిన్నప్పుడే చెప్పినవాడు నాన్నే. ఆయన నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. పెద్దాయన మాట ఆయనదాకా పోలేదు.

నాన్న పలక మీద వేలు ముడిచాడు. సరిగ్గా అప్పుడే పెద్దాయనకి రంపపు పొట్టు ముక్కులోకి పోయి పెద్ద తుమ్ము వచ్చింది. ఆ తుమ్ముకి పళ్ళసెట్టు ఊడి టీ గ్లాసులో ప్లుక్‌మని పడింది. ఆయన ఏమీ జరగనట్టు వేళ్ళతో తీసి, నోట్లో పెట్టుకుని, చప్పరించి, "పంచదార తక్కువైంది" అన్నాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వుతూనే విన్నాను, నాన్న వేలి కింద పలక పలికింది. దుప్పటి కప్పిన బల్లని కొట్టినట్టు, మొద్దుగా.

నాన్న నావైపు చూశాడు. మొహం విప్పారింది. "ఇదే. దింపించు" అన్నాడు.

నా నవ్వు ఆగిపోయింది. చుట్టూ అరడజను మంది మేస్త్రులున్నారు. అందరూ చెవి మేస్త్రి ఏం ఎంచాడా అని చూస్తున్నారు. 'నాన్నా, అది మొద్దుగా ఉంది' అని నేనంటే ఏమవుతుంది? సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోతుంది. పడ్డ చెట్లన్నీ అలాగే ఉంటాయా ఏంటి, అని నాకు నేను సర్ది చెప్పుకుని పలక రెండో చివర పట్టుకున్నాను.

పలకని సన్నటి పట్టీలుగా కోశాం. ఒక్కో పట్టీ చెప్పు అట్టంత మందం. పదిహేడు పట్టీలకి జిగురు రాసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, వంపు తిరిగిన అచ్చుకి బిగించి, చుట్టూ క్లాంపులు వేయాలి. జిగురు ఆరాక అచ్చు తీసేస్తే ఆ వంపు అలాగే నిలిచిపోతుంది. కుర్చీకి అటొకటి ఇటొకటి, అలాంటి వంపులు రెండు. మొదటిదాన్ని బిగిస్తున్నప్పుడు రెండు పట్టీలు విరిగాయి. మంచి కొయ్య విరిగితే పొడుగ్గా చీలుతుంది, నారలు ఊడొస్తాయి. ఇవి ముల్లంగి విరిగినట్టు టక్కున, అడ్డంగా విరిగాయి.

నేను ఆ ముక్కలు పట్టుకుని నాన్న ముందు పెట్టాను. చూడు నాన్నా, నీ కళ్ళకైనా కనపడనీ, అని మనసులో అనుకుంటూ.

ఆయన విరిగినచోట తడిమాడు. మళ్ళీ నా మొహంలోకి చూశాడు. నేనేమో గతుక్కుమని, పళ్ళికిలించాను. "మరీ ఎండిపోయాయి. కాస్త తడిబట్ట కప్పి వంచండి" అన్నాడు.

కుర్చీ తయారైంది. అబద్ధం ఎందుకు చెప్పాలి, అంత అందమైన వస్తువు మా పని షెడ్డులోంచి ఇంతవరకూ రాలేదు. వంపు మీద చెయ్యి వేస్తే జారిపోతుంది. సీటు గాల్లో నిలబడ్డట్టే ఉంది. మరదలు చూసి, "వదినా, ఇప్పుడే కూర్చోనా?" అంది.

"ఆగు తల్లీ. తొమ్మిది రోజులు" అన్నాడు నాన్న.

అది మా షెడ్డు పద్ధతి. ఏ కుర్చీ చేసినా తొమ్మిది రోజులు పొద్దున్నే ముందు నాన్న కూర్చోవాలి. చేతిలో టీ గ్లాసు పట్టుకుని, కళ్ళు మూసుకుని, టీ చల్లారేదాకా. కుర్చీ ఏం చెబుతుందో వింటాడు. తొమ్మిదో రోజు లేచి 'ఇక ఇవ్వచ్చు' అంటేనే అది గుమ్మం దాటేది.

మొదటి రోజు అందరం నిలబడి చూశాం. నాన్న కూర్చున్నాడు. సీటు ఒక బెత్తెడు కిందికి దిగి, మెల్లగా పైకి లేచింది. నాన్న కళ్ళు మూసుకున్నాడు.

టిక్.

చిన్న చప్పుడు. గోరు విరిచినట్టు. నేను తమ్ముణ్ణి చూశాను. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. అమ్మ నేల చూపులు చూసింది.

"అదేంటి చప్పుడు?" అంది మరదలు.

"ఎండకి రేకులు" అంది అమ్మ, ఆలోచించకుండానే. పొద్దున్న ఏడింటికి, మబ్బు పట్టిన రోజున.

నాన్న కళ్ళు తెరిచాడు. మేం ముగ్గురం ఒక్కసారే నవ్వు మొహాలు పెట్టాం. ఆయన మమ్మల్ని ఒక్కొక్కరినే చూసి, టీ తాగేసి, "చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు" అన్నాడు.

నేను గోడ మీద పెన్సిల్‌తో ఒక గీత గీశాను. రెండో రోజూ ఒకటే. మూడో రోజు రెండు. నాలుగో రోజు మూడు, అందులో ఒకటి కాస్త పెద్దది. తమ్ముణ్ణి షెడ్డు వెనక్కి ఈడ్చుకెళ్ళాను.

"ఒరేయ్, కొయ్యలోనే ఏదో ఉందిరా. కొన్నప్పుడే విన్నాను."

"జిగురు సర్దుకుంటోందక్కా. కొత్తదానికి మామూలే."

"సర్దుకునేదైతే తగ్గాలి కదరా. పెరుగుతుందేం?"

వాడు నా చేతిలోంచి చెయ్యి విడిపించుకున్నాడు. "నిన్న నాన్న నా భుజం మీద చెయ్యి వేశాడు, తెలుసా?" అన్నాడు. "'వీడివి నా చేతులు' అని పక్కింటాయనతో అన్నాడు." నేను తిట్టబోయి మానేశాను. వాడి మీద జాలేసింది. నా మీద నాకు ఒళ్ళు మండింది.

ఐదో రోజు మధ్యాహ్నం నేను లోపలికి వచ్చేసరికి మరదలు షెడ్డులో ఉంది. ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి కుర్చీ వీపు మీద, సగం వంగి కూర్చోబోతోంది. నేను అరిచిన అరుపుకి పక్క షెడ్డులో మిషన్ ఆగింది.

"ఏంటి వదినా, నేనేమన్నా ఏనుగునా?" అంది, కళ్ళనిండా నీళ్ళతో.

"పాలిష్ ఆరలేదే. చీర పాడవుతుంది" అన్నాను. కుర్చీని తలకిందులు చేసి బెంచీ మీద పడేశాను. మరదలు రాత్రంతా నడుం నొప్పితో మేలుకుని కూర్చుంటుందని నాకు తెలుసు. ఒక్కసారి, ఒక్క పది నిమిషాలు ఒళ్ళు వాల్చాలనుకుంది, అంతే. ఆ సీటు దిగబడితే మనిషి వెనక్కి పడుతుంది. పట్టుకోవడానికి వెనక ఏమీ లేదు. ఎనిమిదో నెల.

ఆరో రోజు మిగిలిన కొయ్య ముక్కని బల్లకున్న ఇనుప పట్టులో, వైస్‌లో, ఒక చివర బిగించి, రెండో చివరకి ఇసుక బస్తా వేలాడదీశాను. మంచి కొయ్యైతే వంగి నిలబడాలి. ఇది మూడుసార్లు టిక్కుమని, టక్కున రెండైంది. విరిగినచోట పొడుగు నార ఒక్కటి లేదు. ఆ ముక్క తీసుకెళ్ళి అమ్మ ముందు పెట్టాను.

"ఇక చెప్పాల్సిందే అమ్మా."

"కుర్చీ పాడైందని చెప్పు. చెవి పాడైందని చెప్పకు."

"కుర్చీ చప్పుడు చేస్తోందంటే, నాకు వినపడలేదేం అంటాడు. అప్పుడేం చెప్పను?"

అమ్మ ఆ ముక్కని నావైపే తోసేసింది. "ఇంకా మూడు రోజులుంది కదా, చూద్దాం" అంది. తమ్ముడు వెళ్ళి తన గీతలోనే తప్పుందనీ, వంపు ఇంకా లావుగా ఉండాలనీ, మళ్ళీ చేద్దామనీ నాన్నతో అన్నాడు. పాపం, వాడికి అంతకన్నా పెద్ద త్యాగం లేదు. నాన్న వాడి తల నిమిరాడు. "పిచ్చోడా, నీ మీద నీకు నమ్మకం లేదురా. నేను కూర్చుంటున్నాగా" అన్నాడు.

తొమ్మిదో రోజు పొద్దున్న గోడ మీద గీతలు ఇరవై ఆరు.

నాన్న స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. టిక్. టిక్. ఇక నేను లెక్కపెట్టలేదు. వంపు లోపలివైపు వెంట్రుకంత పగులు కనపడింది నాకు. నిన్న లేదది. నాన్న కళ్ళు తెరిచాడు, మేం నవ్వు మొహాలు పెట్టాం, ఆయన కూడా నవ్వి, కూర్చున్నచోటినుంచే చెయ్యి చాపాడు. "రా తల్లీ. నీ కుర్చీ. ఇక ఇవ్వచ్చు."

మరదలు సంతోషంగా అడుగు వేసింది. నేను అడ్డం వెళ్ళాను.

"ఆగు! దాని దగ్గరికి రాకు!"

నాన్న విన్నాడు. నా గొంతు కదా. "ఏమైందే నీకు?"

"అది విరుగుతుంది నాన్నా. తొమ్మిది రోజులుగా చప్పుడు చేస్తోంది."

"చప్పుడేంటి? నేను కూర్చున్నాగా..."

"నీకు వినపడదు నాన్నా!" అరిచేశాను. "రెండేళ్ళుగా నీకు వినపడదు. మా అందరికీ తెలుసు."

అమ్మ చేత్తో నోరు మూసుకుంది. తమ్ముడు గోడవైపు తిరిగాడు. నాన్న అరుస్తాడనుకున్నాను, గ్లాసు విసిరేస్తాడనుకున్నాను. ఆయన నా మొహం వంకే చూస్తూ ఉన్నాడు.

"నాకు వినపడదని నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు మెల్లగా.

"మరి కొయ్య... అడితిలో..."

"నీ మొహం చూసి కొనేవాణ్ణే. నీ మొహంలో ఏదీ దాగదు. కొట్టి నీవైపు చూసేవాణ్ణి. మొద్దుగా పలికితే నీ ముక్కు ముడుచుకునేది, వదిలేసేవాణ్ణి. రెండేళ్ళలో ఒక్కటి తప్పుపోలేదు." ఆగాడు. "ఆ రోజు నువ్వు నవ్వావు కదే. పొట్ట పట్టుకుని నవ్వావు. ఇంత మంచి కొయ్య మళ్ళీ దొరకదనుకున్నాను."

నేను గోడ మీది గీతలకేసి చూశాను.

"ఇక్కడ కూడా అంతే" అన్నాడు. "కళ్ళు తెరిచి చూస్తే అందరూ నవ్వుతూనే ఉన్నారు."

"లే నాన్నా. ముందు దాంట్లోంచి లే. తర్వాత నన్ను చంపు."

ఆయన లేవలేదు. చాలా దూరం నడిచొచ్చిన మనిషిలా నిట్టూర్చి, వెనక్కి వాలాడు. బరువంతా వెనక్కి పోయింది. నేను చెయ్యి చాపాను, అందలేదు. టక్కున, ముల్లంగి విరిగినట్టు, వంపు రెండు వైపులా ఒకేసారి విరిగింది.

సిమెంటు నేల మీద ఆయన తుంటి తగిలిన చప్పుడు నేను విన్నాను. ఆయన వినలేదు. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. నన్ను చూసి, "పెద్దగా అయిందా చప్పుడు?" అని అడిగాడు.

తుంటి ఎముక అతకలేదు. డాక్టరు రెండుసార్లు ప్రయత్నించి, ఇక మంచంలోనే అన్నాడు. మరదలికి ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ బాగున్నారు. నాన్న నాతో మాట్లాడటం మానేశాడని కాదు. మంచినీళ్ళు అడుగుతాడు, కిటికీ తెరవమంటాడు. నా మొహం మాత్రం చూడడు.

మొన్న తమ్ముడు పిల్లకి ఊయల చేద్దామని అడితినుంచి ఒక పలక మోసుకొచ్చి మంచానికి ఆనించాడు. ఎందుకు తెచ్చావురా అని నేను కళ్ళెర్రజేశాను. నాన్న దుప్పటి కిందనుంచి చెయ్యి తీశాడు. వేలు ముడిచి నాలుగుసార్లు కొట్టాడు. అలవాటుగా నేను ఎదురుగా, వెలుతుర్లోకి వెళ్ళి నిలబడ్డాను.

ఆయన నావైపు చూడలేదు. తల గోడవైపు తిప్పేసుకుని, చెవి నావైపు పెట్టాడు.

"నోటితో చెప్పు" అన్నాడు.

పలక మొద్దుగా పలికింది. వీధి తలుపు తీసే ఉంది. గుమ్మంలో ఇద్దరు మేస్త్రులు ఆయన్ని చూడటానికొచ్చి నిలబడి ఉన్నారు. నేను మంచం దగ్గరికి వంగి, వీధంతా వినపడేలా అరిచాను.

"బాలేదు నాన్నా. ఇది వద్దు."

ఆయన తలూపాడు. తమ్ముడు పలక ఎత్తుకుని బయటికి తీసుకెళ్ళాడు.